ప్రతి సీసాలోనూ రెండు మాత్రలు

శుక్రవారం ఉదయం ఇంకా తొమ్మిది కాలేదు. వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది.

"నేను ఏ తప్పూ చేయలేదు. అది నాకు తెలుసు. కానీ నేను కాకపోతే ఇంకెవరు చేయగలరో ఎంత ఆలోచించినా తేలడం లేదండీ" అంది.

ఆ మాటకు టీసీ గారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఇరవై ఆరేళ్ళు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి, ఆ ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయినా, జనం నోట ఆవిడ టీసీ గారుగానే మిగిలిపోయారు. ఆవిడకు సహాయకుడు సొంత మరిది. నలభై దాటినవాడు, టైపు కొట్టడంలో దిట్ట, వదిన తెలివి మీద గుడ్డి నమ్మకం ఉన్నవాడు. ఆ నమ్మకాన్ని మాత్రం వెక్కిరింతల మాటున దాచుకునేవాడు.

"కూర్చోమ్మా. మా వదిన నిలబడ్డవాళ్ళని చూస్తే టిక్కెట్టు అడుగుతుంది" అన్నాడు.

అమ్మాయి కూర్చుంది. ఆమె ఊళ్ళోని పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టు. లివర్‌లో కాపురం పెట్టే ఒక వైరస్‌కు కొత్త మాత్ర వచ్చింది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఇరవై మంది రోగులను తీసుకున్నారు. పదిమందికి అసలు మాత్ర, పదిమందికి అచ్చం అలాగే ఉండి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో రోగులకు తెలియదు, డాక్టరుకీ తెలియదు. సీసాల మీద నంబర్లు మాత్రమే ఉంటాయి. ఏ నంబరు ఏదో చెప్పే జాబితా ఈ అమ్మాయి బీరువాలో, తాళం కింద ఉంటుంది.

నాలుగు నెలలయ్యాక అందరి రక్తమూ పరీక్షకు పంపారు. ఇరవై మంది రక్తంలోనూ అసలు మందు కనపడింది. పదిమందిలో ఉండకూడదు.

"బీరువాలో మిగిలిన సీసాలు పరీక్ష చేయించారు. ఉత్తవి ఉత్తవే, అసలువి అసలువే. అంటే సీసాలు నా చేతి నుంచి వెళ్ళాకే మారాయి, లేదా నేనే మార్చి ఇచ్చాను. ఆ ఇరవై మందిలో మా బాబాయి కూడా ఉన్నాడు. ఆ సంగతి మొదటి రోజే రాసిచ్చాను. ఇప్పుడదే నా మెడకు చుట్టుకుంది. మంగళవారం పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది. నా లైసెన్సు తీసేస్తారు. ఇంక జన్మలో మాత్ర ముట్టుకోనివ్వరు."

టీసీ గారు ఆమెను ఒకటే అడిగారు, ఇన్నాళ్ళలో ఈ పనిలో ఆమెకు గర్వంగా అనిపించినది ఏమిటని. అమ్మాయి వింతగా చూసి చెప్పింది. రోగులు ఇరవై ఎనిమిది రోజులకోసారి వస్తారు. ముప్ఫై మాత్రల సీసా ఇస్తారు, పాత సీసా తిరిగి తీసుకుని మిగిలినవి లెక్కపెడతారు. మొదటి నెల అందరు రోగుల్లాగే ఇష్టమొచ్చినట్టు తెచ్చారు. ఒకరి సీసాలో ఐదు, ఒకరి సీసాలో తొమ్మిది, ఒకాయన సీసా బస్సులో పారేసుకున్నాడు. డాక్టరు గట్టిగా మందలించాడు, మాత్రలు మరిచిపోయేవాళ్ళని పరిశోధన నుంచి తీసేస్తానన్నాడు. రెండో నెల నుంచి ఇరవై సీసాల్లోనూ రెండేసి మాత్రలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

"అంత బుద్ధిగా వేసుకునే రోగులను నేను ఎక్కడా చూడలేదండీ" అంది అమ్మాయి.

"నేనూ చూడలేదు" అన్నారు టీసీ గారు.

*

శనివారం ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. పరిశోధన నడిపే డాక్టరు సన్నగా, నిద్ర చాలని ముఖంతో ఉన్నాడు. మొదట ముక్తసరిగా మాట్లాడాడు. మరిది మధ్యలో కల్పించుకుని, ఇంత చదువు చదివి జలుబుకే మందు కనిపెట్టలేకపోయారేమండీ అని అడిగేసరికి, డాక్టరుకు ఎక్కడో తగిలింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"బాక్టీరియాకు సొంత ఇల్లుంటుంది, సొంత వంట ఉంటుంది. ఆ వంటిల్లు పాడుచేస్తే అది చస్తుంది, మనకేం కాదు. వైరస్‌కు ఇల్లూ లేదు, పొయ్యీ లేదు. మన కణంలో దూరి మన పొయ్యి మీదే వండుకుంటుంది. పొయ్యి పగలగొడితే పోయేది మనం. అందుకే దాని చెయ్యి మన పొయ్యి మీద పడే ఆ ఒక్క చోటు పట్టుకుని కొట్టాలి. కొన్నింటికి ఆ చోటు దొరికింది. సి రకం లివర్ వైరస్‌ను ఇవాళ పన్నెండు వారాల మాత్రలతో దాదాపు అందరిలోనూ తుడిచేస్తున్నాం. నేను చదువుకునే రోజుల్లో ఆ మాట అంటే నవ్వేవాళ్ళు."

"మరి మీ ఇరవై మందికి ఉన్నది?" అన్నారు టీసీ గారు.

"బి రకం. అది కణం నడిమధ్యకు పోయి తన నకలు ఒకటి దాచిపెడుతుంది. ఇప్పుడున్న మందులు కొత్త నకళ్ళు పుట్టకుండా ఆపుతాయి గానీ, దాచినదాన్ని ముట్టుకోలేవు. అందుకే బతికినంత కాలం వేసుకోవాలి. పాత మాత్ర వీళ్ళందరూ వేసుకుంటూనే ఉన్నారు. దానికి తోడుగా ఇచ్చే ఈ కొత్తది ఆ దాచిన నకలు నోరు కూడా నొక్కుతుందేమోనని మా ఆశ."

చివరి మాట అంటున్నప్పుడు అతను కిటికీ వైపు చూశాడు. టీసీ గారు రక్త పరీక్షల కాగితాలు అడిగి తీసుకున్నారు. మందు అందరిలోనూ ఉంది సరే, ఎంత ఉంది? ఉండాల్సినదానిలో రమారమి సగం, అందరిలోనూ. మాత్రల తయారీలో పస తగ్గి ఉంటుందని డాక్టరు మార్జిన్‌లో రాసుకున్నాడు. బీరువాలోని అసలు మాత్రల పరీక్షలో మాత్రం పస సరిగ్గానే ఉందని ఇంకో కాగితం చెబుతోంది. రెండు కాగితాలూ ఒకే ఫైలులో ఉన్నా, పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు.

తర్వాత వాళ్ళు రోగులు కూర్చునే గది చూశారు. వసారా చివర, కిటికీల కింద ప్లాస్టిక్ కుర్చీలు, మూలలో చెత్తబుట్ట. ఊడ్చే ఆయా కొంగు దోపుకుని వచ్చి, ఎవరూ అడగకముందే కష్టాలు ఏకరువు పెట్టింది. ఈ లివరు వాళ్ళు వచ్చిన మంగళవారం ఆమెకు నడుము విరుగుతుందట. వరసగా వేసిన కుర్చీలన్నీ గుండ్రంగా తిప్పేస్తారు. మందులు తీసుకుని ఇళ్ళకు పోతారా అంటే, తలుపు దగ్గరకు వేసుకుని గంటసేపు కూర్చుంటారు. ఏం చేస్తున్నారని అడిగితే టిఫిన్ పంచుకుంటున్నామంటారు.

"ఇరవై మంది తిన్నా ఒక్క ముక్క కింద పడదు. అంత మర్యాదస్తుల్ని ఈ ఆసుపత్రిలో నేను చూడలేదమ్మా. మా ఆయనొక్కడు తింటేనే చీమలు ఊరేగింపు కడతాయి."

"బుట్టలో ఏం పడుతుంది మరి?"

"ఏముంటుంది, దూది. ఇంతింత ఉండలు. దెబ్బ లేదు, సూది లేదు, అంత దూది ఎందుకో ఏమో."

మరిది అదంతా పుస్తకంలో రాసుకున్నాడు. బయటికి వచ్చాక, తనకు మాత్రం ఫార్మసిస్టు బాబాయి మీదే అనుమానమని చెప్పాడు. వాళ్ళింటికి ఫోన్ చేస్తే ఆయన నీళ్ళు నమిలాడట. పేరు అడిగినా చెమట పట్టినట్టు తెలుస్తోందట.

"ఆయన భయపడుతున్నాడు, నిజమే. రైలు పెట్టెలో ఒక్కడు టిక్కెట్టు లేకుండా ఎక్కితే ఆ ఒక్కడే కిటికీలోంచి బయటికి చూస్తాడు. నువ్వు మిగతావాళ్ళకి ఫోన్ చేసి చూడు."

మరిది ఆ సాయంత్రం పందొమ్మిది మందికి ఫోన్ చేశాడు. పద్దెనిమిది మంది నీళ్ళు నమిలారు. తడుముకోకుండా మాట్లాడింది ఒక్కరే, బట్టలు కుట్టే ఆవిడ. పని ఉంటే కొట్టుకు రమ్మంది.

*

సోమవారం మధ్యాహ్నం వదినా మరిదీ కుట్టుపని ఆవిడ కొట్టుకు వెళ్ళేసరికి, ఆమె కొత్త చొక్కాల గుండీలు లెక్కపెడుతోంది. పళ్ళెంలో గుండీలు పోసి, స్కేలు అంచుతో ఐదేసి చొప్పున పక్కకు నెడుతోంది. చేతికి తడబాటు లేదు. యాభై అయిదేళ్ళుంటాయి. గోడ మీద ఒకాయన ఫొటో. మరిది అడిగితే, మా ఆయన అని మాత్రం చెప్పింది.

టీసీ గారు నేరుగా ఏమీ అడగలేదు. రవికె కుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఆరోగ్యం ఎలా ఉంది, అలా పోయాయి మాటలు. లేచి గుమ్మం దాకా వచ్చాక మాత్రం వెనక్కి తిరిగారు.

"మందులిచ్చే అమ్మాయి తెలుసుగా మీకు. రేపు పదకొండింటికి ఆ అమ్మాయి లైసెన్సు తీసేస్తున్నారు. సీసాలు తనే మార్చిందని."

స్కేలు ఆగిపోయింది. "ఆ పిల్లకేం సంబంధం?" అంది, ఎవరినో కాదు, గుండీలను అడిగినట్టు.

దారిలో మరిది అన్నాడు, "నాకు ఇప్పుడు అర్థమైంది వదినా. కానీ రేపు నువ్వు నోరు విప్పితే ఆ ఇరవై మందినీ గెంటేస్తారు. విప్పకపోతే ఈ అమ్మాయి పోతుంది."

"అందుకేగా అక్కడికి వెళ్ళింది. నేను విప్పేలోపు వాళ్ళే విప్పితే బాగుంటుందని."

*

మంగళవారం రోగులు వచ్చే రోజే కావడంతో, కమిటీని రోగుల గదిలోనే కూర్చోబెట్టమని టీసీ గారు ఆసుపత్రి సూపరింటెండెంటుకు కబురు పెట్టారు. ఆయన గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. పదకొండింటికి ఇరవై మంది రోగులు, డాక్టరు, సూపరింటెండెంటు, కమిటీ సభ్యులు, గోడకు ఆనుకుని ఫార్మసిస్టు. ఆమె బాబాయి ఆమె వైపు చూడలేక చెప్పుల వైపు చూస్తున్నాడు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఆయా.

టీసీ గారు మధ్యలో నిలబడి, తరగతికి పాఠం చెప్పినట్టు నింపాదిగా మొదలుపెట్టారు.

"ఈ అమ్మాయి ఉత్త సీసాల్లో అసలు మాత్రలు పోసి ఇచ్చిందని మీ అనుమానం. అలా చేసి ఉంటే ఉత్త సీసాలవాళ్ళ రక్తంలో మందు నిండుగా ఉండాలి. అసలు సీసాలవాళ్ళలోనూ నిండుగానే ఉండాలి. అందరిలోనూ సగమే ఉంది. మాత్రల్లో పస తగ్గలేదని మీ కాగితమే చెబుతోంది. పస తగ్గకుండా మందు సగమైందంటే, అసలు మాత్రల సంఖ్యే సగమైంది. అసలు సీసాలవాళ్ళ నుంచి సగం పోయింది. పోయిన సగమే ఉత్త సీసాలవాళ్ళకు చేరింది."

డాక్టరు తలెత్తాడు.

"రెండోది. నేను ఇరవై ఆరేళ్ళు టిక్కెట్లు చూశాను. పెట్టెలో అందరూ జేబులు వెతుక్కోకుండా ఒకేసారి టిక్కెట్లు తీసి పట్టుకుంటే, నేను మళ్ళీ మొదటి నుంచి చూసేదాన్ని. మనుషులన్నాక మరిచిపోతారు. ఇరవై మంది మూడు నెలలు ఒక్క మాత్ర మరవకుండా, అందరూ రెండే మిగిల్చి తెచ్చారంటే, సీసాలు ఈ అమ్మాయి చేతికి వచ్చే ముందు ఎవరో సరిచేస్తున్నారు. ఇక దూది. కొత్త సీసా మూత తీస్తే పైన దూది ఉండ ఉంటుంది. అది ఇంట్లో తీయాల్సింది. ఈ గది బుట్టలో పడుతోంది. మందు తీసుకున్న గంటలోపే ఇరవై సీసాలూ ఇక్కడే, ఈ కుర్చీల మధ్యే తెరుస్తున్నారు. కింద పడని ఆ టిఫిన్ మాత్రలే."

టీసీ గారు ఫార్మసిస్టు వైపు చూపించారు. "ఈ అమ్మాయి తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు. ఆరువందల మాత్రలు కలబోసి ఇరవై వాటాలు వేయాలంటే చురుకైన చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. చెప్పమంటే చెబుతాను."

"అక్కర్లేదు" అని కుట్టుపని ఆవిడ లేచింది. బొడ్డు దగ్గరి చిన్న గుడ్డ సంచీ తీసి సూపరింటెండెంటు ముందున్న బల్ల మీద పెట్టింది. "మరిచిపోయినవాళ్ళ దగ్గర మిగిలినవి ఇందులో ఉన్నాయి. తక్కువ తెచ్చినవాళ్ళకు ఇందులోంచే వేసేదాన్ని. మాత్రలు కలబోసిన దుప్పటి నాది, లెక్క నాది, ఆలోచన నాది. ఆ పిల్లనొదిలేయండి."

"మేమందరం ఒప్పుకునే చేశాం" అన్నాడు ఆమె పక్కనున్న పోస్ట్‌మన్. ఒక్కొక్కరూ గొంతు కలిపారు. ఫార్మసిస్టు బాబాయి లేచి, అమ్మడూ, నీ మీదకొస్తుందని మాకు తెలియదే, అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఎందుకు చేశారని సూపరింటెండెంటు అడిగాడు. కుట్టుపని ఆవిడ కంఠం పెంచకుండానే చెప్పింది. ఆమె భర్తకూ ఇదే జబ్బు. ఎనిమిదేళ్ళ కిందట ఇంకో ఆసుపత్రిలో ఇంకో మందు పరీక్షలో చేరాడు. ఏడాది పాటు రోజూ పొద్దున్నే మాత్ర కళ్ళకద్దుకుని వేసుకున్నాడు. పోయిన రెండు నెలలకు ఉత్తరం వచ్చింది, అతనికి వెళ్ళింది ఉత్త మాత్ర అని. "ఇక్కడ రెండోసారి కూర్చున్నప్పుడు ఈ ముఖాలన్నీ చూశాను. ఇందులో పదిమంది మా ఆయనలాగే పిండి మింగుతున్నారు కదా అనిపించింది. ఉన్నది పంచుకుంటే ఒక్కరూ ఖాళీగా పోరు అన్నాను. అంతే."

డాక్టరు కోపగించుకుంటాడని మరిది ఎదురుచూశాడు. అతను మాత్రం కుర్చీ ఆమెకు ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు.

"అమ్మా, సగం మందు సగం నయం చేయదు. చాలీచాలకుండా తగిలితే వైరస్ దెబ్బ తప్పించుకోవడం నేర్చుకుంటుంది. మీలో ఆరుగురి రక్తంలో దాని ఆనవాలు ముందు తగ్గి, ఇప్పుడు మళ్ళీ పెరుగుతోంది. ఎందుకో తెలియక నేను నిద్రపోవడం లేదు."

ఇరవై మందిలో ఎవరా ఆరుగురని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సూపరింటెండెంటు అనుమతితో ఫార్మసిస్టు వెళ్ళి జాబితా తెచ్చింది. పరీక్ష ఎలాగూ చెడిపోయింది, దాచి లాభం లేదు. కుట్టుపని ఆవిడ నంబరు అసలు మందుది. పోస్ట్‌మన్‌ది ఉత్తది. డాక్టరు మొదటి నెల కాగితాలు తిరగేశాడు. అప్పుడింకా కలపడం మొదలుకాలేదు. ఆ నెలలో అసలు మాత్రలవాళ్ళలో ఎనిమిది మందికి వైరస్ ఆనవాలు బాగా దిగింది. ఉత్తవాళ్ళలో ఎవరికీ దిగలేదు. అందరికన్నా వేగంగా దిగింది ఈవిడకే.

"అంటే ఇది పనిచేస్తుందన్నమాట" అంది ఆవిడ.

"ఒక్క నెల చూసి అనకూడదు. కానీ ఆ నెల లెక్క మాత్రం చెడలేదు."

పోస్ట్‌మన్ తల దించుకుని, నీ మందు నేను మింగాను అక్కా అన్నాడు. ఊరుకోవయ్యా, నేనే కదా చేతిలో పెట్టింది అని ఆవిడ కసిరింది. కసురుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. ఇంత చేయాల్సిన పనే లేదని, ఆరు నెలలు పూర్తయ్యాక ఉత్త మాత్రలవాళ్ళందరికీ అసలు మందు ఇస్తామని, చేరినప్పుడు వాళ్ళు సంతకం చేసిన పత్రంలో ఏడో పేజీలో స్పష్టంగా ఉందని చెప్పాడు.

"ఎవరు చెప్పారు మాకు?" అంది కుట్టుపని ఆవిడ.

"పత్రంలో ఉంది కదమ్మా."

"ఇరవై రెండు పేజీలు చేతిలో పెట్టి పెన్సిల్ గీత ఉన్నచోట సంతకం పెట్టమన్నారు. నాకు పేరు రాయడం వచ్చు. ఇందులో సగం మందికి అంతే వచ్చు."

టీసీ గారు డాక్టరు వైపు తిరిగారు. "మాత్రలు కలిపింది వీళ్ళు. కలపక తప్పదని వీళ్ళు ఎందుకనుకున్నారో మీ నివేదికలో మీరే రాస్తే బాగుంటుంది. నేను రాస్తే ఇంకోలా ఉంటుంది."

డాక్టరు తలూపాడు. సంతకాల రోజు వరస పెద్దదిగా ఉందని, ఆ గీతలు తనే పెట్టానని ఒప్పుకున్నాడు. కమిటీ అక్కడికక్కడే ఫార్మసిస్టు మీది అభియోగం కొట్టేసింది. పరీక్షను మొదటి నుంచి కొత్తగా మొదలుపెట్టాలని తేలింది. ఈ ఇరవై మందిని మళ్ళీ చేర్చుకోవడానికి పైవాళ్ళ అనుమతి కావాలి. అది వస్తుందో రాదో సూపరింటెండెంటు మాట ఇవ్వలేనన్నాడు. ఆ ఆరుగురికి మాత్రం అసలు రాదు. ఆ సంగతి డాక్టరు వాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెవిలో చెప్పాడు. కుట్టుపని ఆవిడ దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళాడు. పోస్ట్‌మన్ దగ్గర ఆగాడు.

మరిది టోపీ సర్దుకుని, ఇక వెళ్దామా వదినా అన్నాడు. టీసీ గారు కదల్లేదు.

ఫార్మసిస్టు గోడ దగ్గరి నుంచి వచ్చి కుర్చీల మధ్యలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఇరవై రెండు పేజీల పత్రం తెరిచి మొదటి వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. అర్థం కాని మాట దగ్గర ఆపి మామూలు మాటల్లో చెప్పింది. అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఆయా కూడా చీపురు గోడకు ఆనించి వచ్చి వెనక నిలబడింది.

మూడో పేజీలో కుట్టుపని ఆవిడ ఆమెను ఆపింది. డాక్టరును చూసి, "ఈ మాత్ర నిండుగా వేసుకుంటే వైరస్ పూర్తిగా పోతుందా?" అని అడిగింది.

అతను చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు.

"తెలియదమ్మా. అది తెలుసుకోవడానికే మిమ్మల్ని పిలిచాం."

ఆవిడ పోస్ట్‌మన్ భుజం మీద చెయ్యి వేసి, తీయకుండానే, "చదువమ్మా" అంది.